అతుకుల బొంత అని తిట్టేముందు...

పోయిన వారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీం మేటు ఒకడు కొత్త పర్సు తీసి బల్ల మీద పెట్టాడు. ముదురు నీలం నూలు గుడ్డ, దాని మీద తెల్లదారంతో బారులు తీరిన చిన్న చిన్న కుట్లు. చూడ్డానికి బాగుంది, అబద్ధం చెప్పను. "సాషికో అంటారు గురూ, సంప్రదాయ జపనీస్ టెక్నిక్. మొత్తం చేత్తో కుట్టిందే. రెండువేల నాలుగొందలు" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్న నలుగురూ పర్సుని చేతులు మార్చుకుంటూ మెచ్చుకున్నారు. చివర్లో ఒకాయన తీర్పు చెప్పాడు: "మనవాళ్ళకి ఈ ఫినిషింగు జన్మలో రాదు!"

పర్సు నా చేతికొచ్చాక అలవాటు కొద్దీ లోపలి అర తిప్పి చూశా. కుట్టులో ఇరికించిన చిన్న పట్టీ మీద రాసుంది: హ్యాండ్లూమ్ కాటన్, మేడ్ ఇన్ ఇండియా.

అదండీ సంగతి. నేసింది ఇక్కడ, కుట్టింది ఇక్కడ. మనవాళ్ళకి జన్మలో రాని ఫినిషింగు మనవాళ్ళ చేతిదే. పర్సులో జపానుది ఏదైనా ఉందంటే అది పేరు, ఆ పేరు తెచ్చిన ధర. కుట్టినావిడ పేరు మాత్రం ఎక్కడా లేదు. అప్పట్నుంచీ కడుపులో తిప్పుతోంది, ఇక్కడ కక్కేస్తున్నా. ఓపికున్నవాళ్ళు చదవండి.

ముందే ఒక మాట. నేను "అన్నీ మన పురాణాల్లోనే ఉన్నాయష" బాపతు కాదు. జపాన్ వాళ్ళ పనితనం మీద నాకు చాలా గౌరవం. అందుకే ఆ పర్సు కొన్నవాళ్ళకీ, అమ్మేవాళ్ళకీ ఆ కుట్టు సంగతి సగమే తెలుసని నా కోపం. రెండో సగం చెప్తా వినండి.

సాషికో అంటే జపనీస్‌లో చిన్న చిన్న పోట్లు అని అర్థం. మన కుట్టు భాషలో చెప్పాలంటే ఉత్త రన్నింగ్ స్టిచ్. సూది లోపలికి, బయటికి, లోపలికి, బయటికి. అంతే. నియమాలు లేకపోలేదు: పైన కనిపించే కుట్టు కింద దానికంటే కాస్త పొడుగుండాలి, సుమారుగా మూడుకి రెండు. సూదికి ఒకేసారి బోలెడు కుట్లు గుచ్చుకుని లాగాలి. వరస అయ్యాక దారాన్ని కొంచెం వదులుగా వదలాలి, లేకపోతే గుడ్డ ముడుచుకుపోతుంది. జనపాకు, అలలు, ఒకదాన్నొకటి కోసుకునే వలయాలు లాంటి నమూనాలున్నాయి. ఇవన్నీ అందం కోసం తర్వాత వచ్చి చేరినవి. పుట్టింది మాత్రం లేమిలో.

జపాన్ ఉత్తరాన సుగరు అనే ప్రాంతముంది, ఇప్పటి అవొమొరి జిల్లాలో. చలికి అక్కడ పత్తి పండదు. పైగా ఎదో కాలంలో అక్కడి రైతులు నూలుబట్ట కట్టకూడదని ప్రభువుల ఆంక్ష. వాళ్ళకి దక్కేది జనపనార గుడ్డ. గాలి దూరిపోయే ఆ గుడ్డ మీద దొరికిన కొద్దిపాటి నూలుదారంతో ఇంట్లో ఆడవాళ్ళు కన్నాలన్నీ పూడేలా కుట్లు వేశారు. దాన్ని కొగిన్ అంటారు. గుడ్డ కొనలేక దారంతో గుడ్డని మందం చేసుకున్నారన్నమాట. ఇంకా చినిగితే అతుకు మీద అతుకేసి తరాల పాటు వాడారు. ఆ అతుకుల బట్టల పేరు బొరో. ఆ మాటకి అర్థం గుడ్డపేలికలని. ఒకప్పుడు వాళ్ళకది సిగ్గు. ఎదో కాలపు అగ్నిమాపకుల కోట్లూ ఈ కుట్టుతోనే చేసేవాళ్ళు: పొరల మీద పొరలు కుట్టి, నీళ్ళల్లో తడిపి, మంటల్లోకి వెళ్ళేవాళ్ళు. ఈనాటి జూడో దుస్తుల గుడ్డ కూడా ఈ కుట్టుని చూసి నేసిన నేతే.

ఇప్పుడు మన ఊరికొద్దాం. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య. మా అవ్వ బొంతలు కుట్టేది. పాత నూలు చీరలు, తాత పంచెలు నాలుగైదు పొరలు పరిచి, దబ్బనంలోకి దారమెక్కించి, అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్లు చుట్లుగా టాకాలు వేసుకుంటూ పోయేది. ఎండాకాలం మధ్యాహ్నాలు వీధి అరుగు మీద ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు తలా ఒక మూల పట్టుకునేవాళ్ళు. చిన్నప్పుడు అడిగా, ఇంత లావు గుడ్డకి అంత సన్న దారమేంటవ్వా అని. ఆమె చెప్పింది ఇప్పటికీ గుర్తు: "దారం తెగితే తెగనీ నాయనా, మళ్ళా ఏసుకోవచ్చు. గుడ్డ చినిగితే యాడికి పోతావు?"

ఈ ముక్క ఏ డిజైన్ రివ్యూలో చెప్పినా చప్పట్లు కొడతారు. రాపిడి మొదట పైకి తేలిన దారానికి తగులుతుంది, గుడ్డకి కాదు. దారం చవక, మార్చుకోవచ్చు. బరువు పొరలన్నిటి మీదా పడుతుంది. ఒక కుట్టు తెగితే పక్క కుట్టు పట్టుకుంటుంది. ఎక్కడ చెడాలో ముందే నిర్ణయించి, చెడినదాన్ని సులువుగా మార్చుకునేలా కట్టడం. మనం లక్షలు పోసి కన్సల్టెంట్ల దగ్గర నేర్చుకునేది ఇదే కదా! సుగరు అవ్వకీ మా అవ్వకీ ఒకరి మొహం ఒకరికి తెలీదు. ఒకే చిక్కు ఎదురైంది, ఒకే జవాబు దొరికింది. ఎవరు ఎవర్నించి కాపీ కొట్టారన్న పంచాయితీ అక్కర్లేదు. సూదీ దారం పాతగుడ్డ ఉన్న ప్రతిచోటా ఈ కుట్టు పుట్టింది. బెంగాల్లో కాంతా, బీహార్లో సుజని, మన పక్కనే కర్ణాటకలో కౌది.

పర్సు కూడా అంతే. జపాన్ కిమోనోకి జేబు లేదు. కాబట్టి వాళ్ళు నడుముకి గుడ్డ తిత్తులు, పొగాకు సంచులు వేలాడదీసుకున్నారు. మన పంచెకీ చీరకీ జేబు లేదు. కాబట్టి మా అవ్వ నడుములో వక్కాకు సంచి దోపుకునేది. ఆకులకో అర, వక్కలకో అర, సున్నపు డబ్బీకో అర, అన్నిటికంటే లోపలి అరలో చిల్లర. తాడు లాగితే మూతి బిగుస్తుంది. ఇవాళ "మల్టీ కంపార్ట్‌మెంట్ ఫ్యాబ్రిక్ వాలెట్" అని అమ్మేది దాన్నే.

మరి తేడా ఎక్కడొచ్చింది? అక్కడి పేలిక ప్రదర్శనశాలకి ఎక్కితే, ఇక్కడి బొంత అటక మీదకి, ఆ తర్వాత కారు తుడవడానికి ఎందుకు పోయింది?

మన భాషలోనే చూడండి. "గంతకు తగ్గ బొంత" అంటే వెక్కిరింపు. సంకీర్ణ ప్రభుత్వాన్ని తిట్టాలంటే "అతుకుల బొంత". మా ఆఫీసులో చెత్త కోడుని కూడా అదే మాటతో తిడతారు, నాతో సహా. బొంత అంటే మనకి బీదరికం, అతుకంటే చేతకానితనం. ఆ మాటతో పెరిగినవాడికి అదే కుట్టు నీలం గుడ్డ మీద పరాయి పేరుతో కనిపిస్తే కళ్ళు చెమరుస్తాయి.

జపాన్ వాళ్ళకీ ఒకప్పుడు ఇదే జబ్బు. 1891లో రైలు అవొమొరి దాకా వచ్చాక అక్కడికి నూలుబట్ట చవగ్గా దిగింది, కొగిన్ కుట్టడం మూలపడింది. కానీ ఆ తర్వాత వాళ్ళు కొన్ని పనులు చేశారు. 1920ల్లో యనాగి సొయెత్సు అనే ఆయన మిత్రులతో కలిసి మామూలు జనం చేసిన మామూలు వస్తువులకి "మింగేయి" అని ఒక పేరు పెట్టాడు, అంటే జనకళ. 1936లో టోక్యోలో దానికోసం ఒక మ్యూజియమే తెరిచాడు. అందులో పెట్టింది రాజుల నగలు కాదు, రైతుల కుండలు, బట్టలు. అంతకుముందే కొగిన్ గొప్పదనం గురించి రాశాడు. 1930ల్లో దాన్ని మళ్ళీ నేర్పే ప్రయత్నాలు హిరొసాకిలో మొదలయ్యాయి. 1974లో సంప్రదాయ చేతివృత్తుల కోసం ఏకంగా చట్టం చేశారు.

ఆ చట్టం షరతులు మనలాంటివాళ్ళు తప్పకుండా చదవాలి, అచ్చు స్పెసిఫికేషన్ డాక్యుమెంటులా ఉంటాయి. వస్తువు ముఖ్యంగా రోజువారీ వాడకానికి ఉండాలి. ముఖ్యమైన పని చేత్తో జరగాలి. పద్ధతికి, ముడిసరుక్కి సుమారు నూరేళ్ళ చరిత్ర ఉండాలి. ఒక ప్రాంతంలో కొంతమందైనా ఆ పని చేస్తూ ఉండాలి. పరీక్షలో నెగ్గిన సరుకు మీద ముద్ర. మొదటి షరతు గమనించారా? రోజువారీ వాడకం. షోకేసులో పెట్టుకునేది కాదు.

జపాన్ స్వర్గమని చెప్పట్లేదు. అక్కడా చేతివృత్తుల అమ్మకాలు 1980ల్లో ఉన్నదాంట్లో ఐదో వంతుకి పడిపోయాయి, నేర్చుకునే కుర్రాళ్ళు లేరు, మిషను మీద కుట్టి సాషికో అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. కానీ కుట్టుకి పేరు, ఆ పేరుకి ఒక ఊరు, ఆ ఊరికి ఒక నిర్వచనం కట్టారు. ధర ఆ మూడింటికీ వస్తోంది.

మన దగ్గర ఏం జరిగింది? ఆదోని అంటే పత్తి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1911 నాటి బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలో ఆదోని గురించి ఉన్న నాలుగు వాక్యాల్లో ఒకటి ఇది: అక్కడ తివాచీలు, పట్టు, నూలు సరుకులు తయారవుతాయి, పత్తి జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీలు రెండున్నాయి. తివాచీలు! ఆదోని పేరు చెప్తే ఇవాళ తివాచీ ఎవరికైనా గుర్తొస్తుందా? జిన్నింగు మిల్లులు మాత్రం గుర్తొస్తాయి. సుగరుకి రైలు పత్తిని తెచ్చింది, ఆదోని నుంచి రైలు పత్తిని తీసుకుపోయింది. గింజ తీసి, బేలు కట్టి, బండెక్కించడం దగ్గర మన పని అయిపోతుంది. ఆ పైన వడకడం, నెయ్యడం, అద్దకం, కుట్టడం, పేరు పెట్టడం, అన్నీ ఇంకొకరివి. ఒక్కో మెట్టుకీ ధర పెరుగుతుంది, మనం నిలబడింది మొదటి మెట్టు మీద.

అక్కణ్ణించి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతర, మిగతా ఏడంతా మగ్గం చప్పుడు, అదీ ఒకప్పటి ఎమ్మిగనూరు. 1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు అక్కడ చేనేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. నూలు వ్యాపారి దగ్గర అప్పు, మాస్టర్ వీవర్ దగ్గర కూలి, ఈ రెండింటి మధ్య నలిగే నేతగాడికి సొంత సంస్థ ఉండాలన్నది ఆలోచన. పనాపకుండా నూలు, నేసినదానికి కొనుగోలు, వచ్చిన లాభం సభ్యులకి. చేనేత గురించి మాట్లాడే ప్రతివాడూ ముందు తలుచుకోవాల్సిన మనిషి ఆయన. మన కాలేజీ పాఠాల్లో ఆంట్రప్రెన్యూర్లంటే సిలికాన్ వ్యాలీ వాళ్ళే తప్ప ఈ పేరెక్కడా వినపడలేదు.

సంఘాలు ఎందుకు చిక్కిపోయాయన్నది పెద్ద కథ. మరమగ్గం, నూలు ధరలు, రాజకీయాలు, అన్నీ ఉన్నాయి. నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపించేది ఒకటే: రాష్ట్రమంతటా చేనేత సంఘాలు గుడ్డని మీటర్లలో అమ్మడం దగ్గర ఆగిపోయాయి, అదీ ఎక్కువగా సర్కారుకే. 1970ల్లో జనతా బట్ట, ఆ తర్వాత స్కూలు యూనిఫారాల గుడ్డ. చవకగా, పెద్దమొత్తంలో, ఆర్డరొస్తే పని, బకాయి వస్తే అన్నం. ఒకే కస్టమరుని నమ్ముకున్న కంపెనీ గతి ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? 2019-20 చేనేత గణనలో దేశంలో మూడింట రెండొంతుల నేత కుటుంబాల సంపాదన నెలకి 5,000 రూపాయల లోపే అని తేలింది. మనం శనివారం రాత్రి బిల్లు కట్టేసి మర్చిపోయే మొత్తం.

నవ్వకండి, మనం కూడా ఏం తక్కువ తినలేదు. గంటల లెక్కన మనుషుల్ని అమ్ముకుని, ప్రొడక్టు మీద పేరు క్లయింటుది వేయించే సర్వీసు కంపెనీలకీ, బేళ్ళ లెక్కన దూది అమ్మే ఆదోనికీ తేడా ఏముంది? కోడు మనది, పేరు వాళ్ళది. కుట్టు మనది, పేరు జపాన్‌ది. ఆ పర్సు చూసి నాకు మండింది అందుకేనేమో. అద్దంలో చూసుకున్నట్టు అనిపించింది.

ఇప్పుడు ఒక లెక్క. మడత పర్సుకి బయట, లోపల, అరలు అన్నీ కలిపి పదో వంతు చదరపు మీటరు గుడ్డ పడుతుందనుకోండి. మీటరు గుడ్డలో ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. మీటరు 180 అనుకున్నా పర్సుకి గుడ్డ ఖర్చు 20 రూపాయల చిల్లర. కుట్టడానికి మూడు గంటలు, గంటకి నూరు చొప్పున 300. అస్తరు, గుండీ, ప్యాకింగు కలిపి ఇంకో 50. మొత్తం 375 లోపు. అది 2,400కి అమ్ముడుపోతోంది. కొట్టు అద్దె, ప్రకటనలు, పన్ను, లాభం, అన్నీ తీసుకోనివ్వండి, తప్పు లేదు. కానీ గంటకి నూరు అనేది నేను వేసిన ఉదారమైన అంకె. ముక్కకింత అని ఇచ్చేచోట ఏ చేతికీ అంత అందదని కుట్టుపని చేసే ఎవర్నడిగినా చెప్తారు. మూడు గంటలు పట్టే పనికి ముక్క లెక్కన ఇచ్చారంటే, ఆమె తొందరపడాలి. తొందరపడితే కుట్టు చెడుతుంది. అప్పుడు మనవాళ్ళకి ఫినిషింగు రాదంటాం!

ఇక్కడ కొన్ని అభ్యంతరాలొస్తాయి, తెలుసు.

"అయితే నేతగాళ్ళ పిల్లలు మగ్గం మీదే ఉండాలా? నువ్వు మాత్రం ఏసీలో కూర్చుంటావా?" న్యాయమైన ప్రశ్న. ఉండక్కర్లేదు. గుంటమగ్గంలో పదిగంటలు కాళ్ళాడించమంటే నేనూ చెయ్యను. కులవృత్తి పేరుతో ఎవర్నీ కట్టేసే హక్కు ఎవరికీ లేదు. నేనడిగేది ఉన్న పనికి విలువ కట్టమని. మా వైపు వానల్లేక ఏటా కుటుంబాలకి కుటుంబాలు బడి పిల్లల్తో సహా గుంటూరు వైపు మిరపకాయ కోతలకీ, పత్తి తీయడానికీ, బెంగళూరు బిల్డింగు పనులకీ వలసపోతాయి. పర్సులు కుడితే వలసలు ఆగిపోతాయనేంత అమాయకుణ్ణి కాదు. కానీ ఆ గుంపుల్లో దబ్బనం పట్టడం తెలిసిన చేతులున్నాయి, ఆ చేతులకి ఊళ్ళో గిట్టుబాటు పని లేదు. ఇది మాత్రం నిజం.

"సాషికో అంటే అమ్ముడుపోతుంది, బొంత అంటే ఎవడు కొంటాడు?" కాంతాని ఎవరు కొన్నారు మరి? ఆ మాటకీ పాత చింకి గుడ్డే అర్థం. ఇవాళ కాంతా చీర కట్టుకుని పెళ్ళికెళ్తారు. బళ్ళారి పక్కన సండూరులో లంబాడీ ఆడవాళ్ళ కుట్టుపనికి జీఐ గుర్తింపు వచ్చింది, సండూరు పేరుతోనే అమ్ముడుపోతోంది. ఆదోనికి ఎంత దూరమని? పేరు ఎవరో ఒకరు ధైర్యం చేసి పెట్టాలి, అంతే.

"సరే, ఒక యాప్ చేద్దాం!" దండం పెడతా, వద్దు. మనకి ప్రతి జబ్బుకీ పోర్టలే మందు. చింతకింది మల్లేశంగారు ఏం చేశారో చూడండి. ఆలేరు దగ్గరి ఊరు, ఆరో తరగతి చదువు. పోచంపల్లి చీరకి ఆసు పోయడానికి తల్లి వేల సార్లు చెయ్యి తిప్పి భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. ఆయన పోర్టల్ పెట్టలేదు. అమ్మ భుజం దగ్గర కూర్చుని చూశారు. ఇంజనీరింగంటే అదీ.

మరి మనమేం చెయ్యాలి? జాలితో కొనకండి. జాలి సరుకు ఒక్కసారే అమ్ముడుపోతుంది, బీరువాలో పడుంటుంది. చేతికుట్టు అని చెప్పి ఏదైనా అమ్మేవాణ్ణి మూడు ప్రశ్నలడగండి. ఎవరు కుట్టారు, ఏ ఊరు? ఎన్ని గంటలు పట్టింది, గంటకెంతిచ్చారు? దారం తెగితే మళ్ళీ కుట్టిస్తారా? ఈ మూడిటికీ జవాబు చెప్పేవాడి దగ్గర 2,400 పెట్టి కొన్నా నాకేం పేచీ లేదు, సాషికో అని పిలిచినా పేచీ లేదు. సుగరు అవ్వల దగ్గర నిజంగా నేర్చుకుని కుడితే ఆ పేరు చెప్పుకోవడమే మర్యాద. ఆవిడ ఎప్పట్నుంచో వేస్తున్న టాకాకి పరాయి ముద్ర కొట్టి, ఆవిడ పేరు కొట్టేయడం మాత్రం మర్యాద కాదు.

మా టీం మేటుకి ఇదంతా చెప్పా. ఓపిగ్గా విని, "అయితే మీ అవ్వ బొంత ఉందా? ఒకసారి తీసుకురా, చూద్దాం" అన్నాడు. అక్కడ దొరికిపోయా. లేదు. ఇల్లు మారినప్పుడు పాత సామాన్లతో పాటు పారేసింది నేనే.

తా.క.: ఇకమీదట నా కోడు రివ్యూల్లో "అతుకుల బొంత" అనే మాట తిట్టుగా వాడను. ఎవరైనా నా కోడుని అలా అంటే మెచ్చుకోలుగా తీసుకుంటా :)